తెరవని గొడుగు

వాన పడితే హోసూరులో మనుషులంతా లోపలికి పరిగెత్తుతారు. ధనశేఖర్ ఒక్కడు బయటికి పరిగెత్తుతాడు. అతనికున్న జబ్బల్లా ఇదొక్కటే. మిగతా అన్ని విషయాల్లోనూ బంగారం లాంటి మనిషి. చేతిలో గొడుగు ఉంటుంది గానీ తెరవడు. ముడిచిన గొడుగు చంకన పెట్టుకుని, నెత్తి మీదనుంచి గడ్డం దాకా నీళ్ళు ధార కడుతుంటే, కాలవలో పోయే నీళ్ళ వెనకాల వంగి వంగి నడుస్తాడు. తప్పిపోయిన దూడ కోసం పోయే మనిషి నడకలా ఉంటుంది అది.

"గొడుగు తెరవప్పా, తడిసిపోతా ఉండావు" అని ఎవరైనా జాలిపడితే, "ఇది తెరిచే గొడుగు కాదన్నా" అంటాడు. మరి మోసుకు తిరగడం ఎందుకని వాళ్ళు అడిగే లోపల సందు మలుపు తిరిగిపోతాడు.

ఈ మనిషికి గది అద్దెకిచ్చింది జయలక్ష్మమ్మ. ఆమె ఇల్లు సిప్‌కాట్ ఫ్యాక్టరీల పేట వెనకాల పల్లంలో, ఇనుము పోతపోసే కంపెనీ ఒకటి తన పనివాళ్ళకు కట్టించిన కాలనీలో ఉంది. తొంభైల చివర్లో ఆ కంపెనీ మూతపడింది. ఆ మరుసటేడే ఆమె పెనిమిటి కేశవప్ప పోయాడు. పిల్లలు లేరు. ఇరుగుపొరుగు ఒక్కొక్కరే బెంగళూరుకూ కోయంబత్తూరుకూ పని వెతుక్కుంటూ వెళ్ళిపోయారు. సాయంత్రం ఆ వీధిలో దీపం వెలిగే ఇళ్ళు లెక్కపెట్టడానికి ఒక చేతి వేళ్ళు ఎక్కువ. జయలక్ష్మమ్మ రేడియోతో మాట్లాడేది. వార్తలాయన నమస్కారం అంటే ఈమె కూడా "నమస్కారమప్పా, బాగుండావా" అనేది. ఆయన ఏమీ పట్టనట్టు వరదలూ ఎన్నికలూ చెప్పుకుంటూ పోతే మనసులో నొచ్చుకునేది.

వెనక గది అద్దెకివ్వాలని ఆమె అనుకున్నది అద్దె కోసం కాదు. ఇంట్లో ఇంకొకరు దగ్గితే వినాలని. అందులోనూ వాన పడేటప్పుడు ఇంట్లో ఒక మనిషి ఉండాలని. ఆ ఇంటికి రేకుల కప్పు. వాన గట్టిగా కొడితే ఆ మోతలో రేడియో కూడా వినబడదు. కేశవప్ప పోయిన ఏడాది వానలకు ఇంట్లోకి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. బియ్యం డబ్బా ఒళ్ళో పెట్టుకుని వంటగట్టు మీద కూర్చుని ఉండిపోయింది. నీళ్ళు తీసేదాకా ఎవరూ రాలేదు. ఎవరికీ తెలియలేదు కూడా. ఆనాటినుంచి మబ్బు పడితే ఆమె ముందు బియ్యం డబ్బా వంటగట్టు మీదికి ఎక్కించేది.

గది చూడడానికి ధనశేఖర్ వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. కుళాయి ఉందా అని అడగలేదు. అద్దె ఎంత అని అడగలేదు.

"వాన పడితే ఈడ నీళ్ళు యాడికి పోతాయి చిన్నమ్మా?"

"నీళ్ళ సంగతి తర్వాత. నువ్వు యాడినుంచి వస్తా ఉండావప్పా?"

"మాది వేప్పనపల్లి పక్కన. ఇప్పుడు జర్మనీనుంచి వస్తా ఉండాను."

జయలక్ష్మమ్మ అతని కాళ్ళ దిక్కు చూసింది. జర్మనీనుంచి వచ్చేవాళ్ళు రబ్బరు చెప్పులతో వస్తారని ఆమె ఎన్నడూ వినలేదు.

"ఆడ ఏమి చదివినావు?"

"ఫ్యాక్టరీలు మూతపడినాక ఊర్లు పాడుబడిపోతాయి కదా చిన్నమ్మా. వాటిని మళ్ళీ మనుషులుండేటట్ల ఎట్ల బాగుచేసేది, ఆ చదువు."

"అయితే సరైన వీధికే వచ్చినావు" అంది జయలక్ష్మమ్మ.

అతను చెంబెడు నీళ్ళడిగాడు. తాగుతాడనుకుని ఇచ్చింది. తీసుకుని గది మధ్యలో పోసి గొంతుక్కూర్చున్నాడు. నీళ్ళు కాసేపు తటపటాయించి, పెరటి గడప దిక్కు మెల్లగా బయలుదేరాయి. వాటి వెనకాలే చూపు పోనిచ్చి, "గది బాగుంది చిన్నమ్మా" అన్నాడు. ఇంకా తల ఎత్తి కప్పు కూడా చూడలేదు. వట్టి వెర్రిబాగులవాడు, కానీ నెమ్మదస్తుడు అనుకుంది. ఆ పూట ఇద్దరికి బియ్యం కడుగుతుంటే ఆమెకు చెయ్యి లెక్క తప్పింది, నలుగురికి సరిపోయే అన్నం వండింది.

మొదటి వానకే సంగతి బయటపడింది. సాయంత్రం వసారాలో కూర్చుని ఇద్దరూ కాఫీ తాగుతున్నారు. రేకుల మీద నాలుగు చినుకులు పడ్డాయి. ఇన్నేళ్ళకు వానలో పక్కన మనిషి ఉన్నాడు కదా అని జయలక్ష్మమ్మ ధైర్యంగా చాప లోపలికి జరిపి, "ఆ వేపుడు శనగలు తెస్తానుండు" అని లేచింది. తెచ్చేసరికి అతని గ్లాసు ఉంది, గ్లాసులోంచి పొగ కూడా వస్తోంది, మనిషి లేడు. అర్ధగంట రేకుల మోత కింద ఒక్కతే కూర్చుని శనగలన్నీ తనే నమిలింది. వాన నిలిచాక ముద్దగా తడిసి వచ్చాడు.

"యాడికి పోయినావప్పా?"

"నీళ్ళు చూసేదానికి."

"నీళ్ళు ఈడా పడినాయి కదా."

"ఈడ పడేవి బాగానే పోతాయి చిన్నమ్మా" అన్నాడు, అదేదో పెద్ద సమాధానమైనట్టు.

కొన్నాళ్ళకు ఊరంతటికీ అతని కథలే. నీళ్ళు ఎటు పోతే అటే పోవాలని అతని సూత్రం. వాటికి దొడ్డిదారి, రాజమార్గం అన్న తేడా లేదు కాబట్టి అతనికీ లేదు. ఎవరి పెరట్లోనో తడక పక్కన ప్రత్యక్షమై, "అమ్మా, నీళ్ళు మీ బచ్చలి పాదులోంచి పోతా ఉండాయి, నేను కూడా పోవచ్చునా?" అని మర్యాదగా అడిగేవాడు. ఒక సెలూనులో గడ్డానికి నురుగు పూసుకుని కూర్చున్న పెద్దమనిషి కుర్చీని, ఆ మనిషితో సహా, కింద కాలవ బండ ఉందని పక్కకు జరిపాడని చెప్పుకునేవాళ్ళు. ఊరి బాగు గురించి నాలుగు మాటలు చెప్పమని ఒక పెద్ద ఆఫీసుకు పిలిచారు. విదేశాల్లో చదివినవాడు, ఆకాశంలో పోయే రైలు గురించి చెప్తాడని కుర్చీలు తుడిచి కూర్చున్నారు. ఇతను కాలవల్లో ఇరుక్కునే పాలిథీన్ కవర్ల గురించి భోజనం వేళ దాకా చెప్పాడు. రెండోసారి పిలవలేదు.

బతుకుతెరువుకు పాలిటెక్నిక్కులో పాఠం చెప్పేవాడు. చెప్పే వాక్యం సగంలో ఉండగా ఉరిమితే మిగతా సగం బోర్డు మీద వదిలేసి పోయేవాడు. అంతటి మేష్టారు దొరకడం అదృష్టమని పిల్లలు అనుకునేవాళ్ళు. పరీక్షల ముందు వాన కోసం మొక్కుకునేవాళ్ళు కూడా.

కృష్ణగిరిలో మేనమామ కూతురి పెళ్ళిలో అయితే మరీ అన్యాయం. ముహూర్తం దగ్గరపడింది, అందరి చేతుల్లో అక్షింతలున్నాయి, మంటపం బయట వాన మొదలైంది. మేళగాళ్ళు ఊది ముగించేసరికి ధనశేఖర్ కుర్చీ ఖాళీ. అక్షింతలు పిడికిట్లో పట్టుకునే హోసూరు బస్సు ఎక్కాడని ఎవరో చూసి చెప్పారు.

"ఏమప్పా, కృష్ణగిరి వాన వాన కాదా, తడిసేదానికి హోసూరికి పోవల్లనా?" అని పెళ్ళివారు ఏడాది పొడుగునా నవ్వారు. ఆ పెళ్ళి రోజు రాత్రి జయలక్ష్మమ్మ అతని చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో నానిన పసుపు బియ్యం దొరికాయి. ఇంకొంచెం మంట తగిలితే పులిహోర అయ్యేవి.

అతనికి సంబంధం చూడడం కూడా జరిగింది. వేప్పనపల్లి దగ్గర మామిడి తోటల వాళ్ళు. అమ్మాయి పేరు ఐశ్వర్య. తోడుగా జయలక్ష్మమ్మే వెళ్ళింది.

"అల్లుడు ఏమి చదివినాడు?" అని అమ్మాయి తండ్రి చెన్నకేశవులు అడిగాడు.

"వాన నీళ్ళు యాడినుంచి యాడికి పోతాయో చదివినాను" అన్నాడు ధనశేఖర్.

"పైనుంచి కిందికి పోతాయి. దానికి జర్మనీ దాకా పోవల్లనా?"

"నేను కూడా పోయినాకనే తెలుసుకున్నానప్పా, మన ఊర్లో అవి కిందికి పోయేదానికి దారి లేదని."

ఈ మాటకు చెన్నకేశవులు కొంచెం మెత్తబడ్డాడు. సరిగ్గా అప్పుడే పడమటి దిక్కు, హోసూరు పైన, మబ్బు నల్లగా లేచింది. ధనశేఖర్ చేతిలో బజ్జీ అలాగే ఉండగా లేచి నిలబడ్డాడు. "ఆడ మబ్బు పడితే ఈడ లేస్తాడేమమ్మా ఇతను?" అని చెన్నకేశవులు అడిగితే జయలక్ష్మమ్మకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ సంబంధం బజ్జీలతో ముగిసింది.

నవ్వేవాళ్ళకు నవ్వుగానే ఉంది గానీ జయలక్ష్మమ్మకు కడుపు మండేది. తను మనిషిని పెట్టుకున్నదే వాన కోసం. ఆ మనిషి ఎండాకాలమంతా ఇంట్లో ఉండి, కాఫీ తాగి, కబుర్లు చెప్పి, చినుకు పడగానే మాయమవుతాడు. ఒక్క మేలు జరిగింది, అదీ అతని వల్ల కాదు. ఇతను వచ్చిన ఏడాదే ఆమె మారెమ్మకు మొక్కుకుంది, ఇంట్లోకి నీళ్ళు రాకుంటే ఏడాదికొకసారి పొంగలి పెడతానని. ఆ ఏడూ రాలేదు, మరుసటేడూ రాలేదు. మారెమ్మకు నెయ్యి బాగా వేసి పొంగలి పెట్టేది. దేవతకున్న పాటి దయ ఇంట్లో ఉన్న మనిషికి లేదే అని అదే గిన్నెలోంచి ఇతనికి వడ్డిస్తూ సణిగేది.

ఒకసారి, వాన లేని సాయంత్రమే, జర్మనీలో ఎట్లా ఉండేదని అడిగింది. అతను గ్లాసు తిప్పుతూ చెప్పాడు.

"ఆ ఊర్లో బొగ్గు తవ్వి తవ్వి నేల కుంగిపోయింది చిన్నమ్మా. గనులు మూసేసి పోయినారు. కానీ పంపులు మాత్రం నిలపకూడదు. నిలిపితే వీధులు మునిగిపోతాయి. అందుకని వాన పడితే ఆడ ఎవరో ఒకరు మేలుకొని ఉంటారు."

"నీతో ఎవరు మాట్లాడుతా ఉండిరి?"

"మొదట్లో ఎవరూ లేరు. చలికాలమంతా గోడతోనే మాట్లాడినాను. ఒకనాడు గదిలో ఉండలేక వానలో పనేమీ లేకుండా సుమ్మనే నడుస్తా పోయినాను. పంపు కాడ ఒక ముసలాయన లోపలికి రమ్మని కాఫీ ఇచ్చినాడు. అప్పట్నుంచి వాన పడితే ఆడికే పోతా ఉంటిని."

రేడియోకు నమస్కారం చెప్పే సంగతి జయలక్ష్మమ్మకు నోటి దాకా వచ్చింది. సిగ్గుపడి ఊరుకుంది. కానీ ఇంత తెలిసినవాడు తనను వానలో వదిలేసి ఎట్లా పోతాడన్నది ఆమెకు ఇంకా అర్థం కాలేదు. ఆ ఏడాది వానలు మొదలయ్యే ముందు గట్టిగానే చెప్పేసింది.

"ఈసారి వానలో గడప దాటినావంటే, తిరిగొచ్చేటప్పటికి నీ పెట్టె వాకిట్లో ఉంటుంది."

"పోకుంటే కాదు చిన్నమ్మా" అన్నాడు తల వంచుకుని. ఆమె రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడో రోజు మాట్లాడకపోవడం తనకే ఎక్కువ కష్టంగా ఉందని తెలుసుకుని మానుకుంది.

అది రెండు వేల ఐదు. ఆ ఏడు వానలు ఊరిని ఊరులా ఉండనివ్వలేదు. పెట్టె వాకిట్లో పెట్టే రోజు రాకముందే ధనశేఖర్ జ్వరంతో మంచం పట్టాడు. బెంగళూరు దిక్కునుంచి మబ్బు కమ్మిన మధ్యాహ్నం, గోడ పట్టుకుని లేవబోయాడు.

"గొడుగు యాడ చిన్నమ్మా?"

"గొడుగు లేదు, గిడుగు లేదు. పండుకో."

గొడుగు ఆమె పొద్దునే బియ్యం డ్రమ్ము వెనకాల దాచేసింది. ఎత్తేటప్పుడు చెయ్యి లాగింది. ఇంత బరువేమిటి, జర్మనీ సరుకు కాబోలు అనుకుంది. వాన రేకుల మీద విరుచుకుపడింది. జయలక్ష్మమ్మ మిరియాల చారు తెచ్చి మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. మోతకు మించి గొంతు పెంచి, కేశవప్ప పెళ్ళిచూపులకు ఒక చెప్పు పోగొట్టుకుని వచ్చిన కథ చెప్పింది. వానలో ఇంత సంతోషంగా ఉండి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తు లేదు. ధనశేఖర్ చారు తాగడం లేదు. గడప దిక్కే చూస్తున్నాడు.

ఆమె కూడా చూసింది. తలుపు కిందనుంచి నీళ్ళు సన్నగా లోపలికి వస్తున్నాయి.

"అయ్యో, మారెమ్మకు ఈ ఏడు పొంగలి ఇంకా పెట్టలేదప్పా" అంది.

"మారెమ్మ ఏమి చేస్తుంది చిన్నమ్మా. పైన కంపెనీ గోడ పక్కన రోడ్డు కింద మోరీ ఉంది. దాంట్లో చెత్త అడ్డం పడింటుంది. ఆ నీళ్ళన్నీ మన మీదికే వస్తాయి. గొడుగుతో లాగి తీయల్ల."

"అది నీకెట్ల తెలుసు?"

అతను లేచాడు. రెండడుగులు వేసి గోడకు జారగిలబడిపోయాడు. జయలక్ష్మమ్మ అతన్ని మంచం మీద కూర్చోబెట్టింది. ఒక క్షణం వంటగట్టు దిక్కు చూసింది. మళ్ళీ దాని మీద ఎక్కి కూర్చోవడం అంటే ఆమెకు వాన కంటే భయమేసింది. డ్రమ్ము వెనకనుంచి గొడుగు తీసింది. తలుపు తెరిచింది.

సందులో మనుషులంతా లోపలికి పరిగెత్తుతున్నారు. జయలక్ష్మమ్మ బయటికి పరిగెత్తింది. దారిలో గొడుగు తెరవాలని చూసింది, రాలేదు. తిట్టుకుంటూ మిట్ట ఎక్కింది.

కంపెనీ పాత గేటు పక్కన, మోరీ మూతి దగ్గర, కావలి గుర్రప్ప కట్టెపుల్లతో కవర్లు లాగుతున్నాడు. కంపెనీ పోయినా గేటుకు కాపలా మిగిలిన మనిషి అతను. ఒక చెయ్యి సరిగా లేవదు.

"అబ్బోడు రాలేదా అమ్మా?" అని అరిచాడు ఆమెను చూసి.

"జ్వరం. ఇది ఎట్ల తెరిచేది?"

"అది తెరిచే గొడుగు కాదమ్మా" అన్నాడు గుర్రప్ప. "లోపల ఇనుప కమ్మి, కొసన కొక్కీ. కమ్మి పట్టుకొని కంపెనీ చుట్టూ తిరిగితే పాత ఇనుము దొంగలనుకుంటారు కదా. మొదటిసారి నేనే ఈ అబ్బోడిని దొంగనుకొని పట్టుకొని రెండు ఏసినాను. అప్పట్నుంచి గొడుగు గుడ్డ చుట్టుకొని వస్తాడు."

జయలక్ష్మమ్మ నవ్వాలో ఏడవాలో తెలియక కొక్కీ లోపలికి దూర్చింది. ఇద్దరూ కలిసి లాగారు. గోనెసంచి వచ్చింది, కొబ్బరి మట్ట వచ్చింది, ఎవరిదో ఒంటి చెప్పు వచ్చింది. ఆ చెప్పును చూసి ఆమెకు కేశవప్ప గుర్తొచ్చి ఆ వానలో కూడా నవ్వొచ్చింది. మోరీ పెద్దగా గుటకేసి నీళ్ళు మింగింది. రోడ్డు మీదనుంచి కాలనీ దిక్కు పోయే ధార సన్నబడి, కాసేపటికి ఆగింది. నీళ్ళన్నీ అవతల చెరువు దారి పట్టాయి.

"కంపెనీ నడిచినప్పుడు వాన పడితే ఈడికి ఒక మనిషిని పంపుతా ఉండిరి" అన్నాడు గుర్రప్ప. "ఇప్పుడు పంపేవాళ్ళు ఎవరుండారు? దారిలో కాలవలన్నీ చూసుకుంటా ఈ అబ్బోడే వస్తాడు. వాన నిలిచేదాకా ఆ రాయి మీద కూచోని, మీ గడప కాడికి నీళ్ళు చేరినాయా అని చూస్తా ఉంటాడు."

జయలక్ష్మమ్మ ఆ రాయి మీద కూర్చుంది. అక్కడినుంచి తన ఇంటి గడప, వంటింటి కిటికీ స్పష్టంగా కనబడుతున్నాయి. తను లోపల ఒక్కతే ఉన్నానని, తనను ఎవరూ చూడడం లేదని అనుకున్న ప్రతి వానలోనూ ఒక మనిషి ఇక్కడ తడుస్తూ తన ఇంటినే చూస్తూ కూర్చున్నాడు. పెళ్ళి అక్షింతలు, చేతిలో బజ్జీ, బోర్డు మీద సగం వాక్యం, అన్నీ వదిలి పరిగెత్తింది ఈ రాయి మీదికి. ఆమె కళ్ళు తుడుచుకుంది. వానలో ఆ పని ఎందుకు చేస్తున్నావని అడిగేవాళ్ళు ఎవరూ లేరు.

ఇంటికి వచ్చి ముందు అతని మీద అరిచింది.

"చెప్పుంటే నీ నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"చెప్పుంటే ప్రతి వానకూ మోరీ ఏమయిందో అని దిగులు పడతారు చిన్నమ్మా. మారెమ్మ ఉంది అని మీరు ధైర్యంగా ఉండారు. అట్లే ఉండనీ అనుకున్నాను."

"ధైర్యమా? నేను భయపడింది నీళ్ళకు కాదప్పా. ఇంట్లో మనిషి లేకుండా పోయేదానికి."

నీళ్ళ గురించి అంత చదివిన ధనశేఖర్‌కు ఈ సంగతి తట్టలేదు. "నాకూ జర్మనీలో అట్లే ఉండె చిన్నమ్మా" అన్నాడు. ఆమె చల్లారిన చారు మళ్ళీ కాచి తెచ్చింది. ఇల్లు తుడుచుకున్నాక రేడియో పెట్టింది. వార్తలాయన నమస్కారం అన్నాడు. ఇద్దరూ జవాబు చెప్పారు.

ఆ ఏడు కూడా మారెమ్మకు పొంగలి పెట్టింది. ఎవరి వాటా వాళ్ళకు పోవాలని ఆమె పద్ధతి. కాబట్టి మారెమ్మకొకటి, ధనశేఖర్‌కొకటి, గిన్నెలు రెండయ్యాయి. మోరీ దగ్గర రాయి పక్కన ఆమె కోసం గుర్రప్ప ఇంకో రాయి దొర్లించుకొచ్చి పెట్టాడు.

జ్వరం తగ్గిన వారానికి ఒక సాయంత్రం రేకుల మీద చినుకు పడింది. ధనశేఖర్ ఇంకా పుస్తకంలోంచి తల ఎత్తలేదు. జయలక్ష్మమ్మ అప్పటికే చీర కుచ్చెళ్ళు దోపుకుని, వేపుడు శనగలు మూటగట్టుకుని గడపలో నిలబడింది.

"లెయ్యప్పా, వానొచ్చింది. ఇంకా కూచోని ఉండావే."

పోయే దారిలో సెలూనువాడు చూసి, "పెద్దమ్మకు కూడా ఆ జబ్బు పట్టుకొనిందే" అని లోపల ఎవరితోనో అన్నాడు. ఆమె వినిపించుకోలేదు. మోరీ దగ్గర ధనశేఖర్ ముడిచిన గొడుగు పట్టుకుని వంగాడు. వీపు మీద వాన పడడం ఆగిపోయిందేమిటని తల తిప్పి చూశాడు. జయలక్ష్మమ్మ కేశవప్ప నల్ల గొడుగు అతని మీదికి పట్టి నిలబడింది.

"ఇది తెరిచే గొడుగప్పా" అంది.